తీసేసిన మూడు కార్డులు

ఏప్రిల్ 15, 1969, మంగళవారం

రోజంతా మిషన్ నడిచింది. పని మాత్రం కదల్లేదు.

రెండు జాబితాలు. ఒకటి మా ఆఫీసు ఉద్యోగులది. మనిషికో కార్డు, కార్డుకు చిల్లులు, ఆ చిల్లుల్లో అతని నంబరు. రెండోది ఇక్కడివాళ్లేనని తహసీల్దారు ఇచ్చే ముల్కీ సర్టిఫికెట్లు తెచ్చి ఇచ్చినవాళ్లది, టేపు మీద. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేనివాళ్లు ఎవరో తేల్చాలి. అలా మిగిలినవాళ్లు ఈ ప్రాంతం వాళ్లు కాదని లెక్క. వాళ్లను పంపించేయాలి. మూడు నెలలుగా బయట జనం అడుగుతున్నది ఇదే.

నా ప్రోగ్రాం ఒక ఉద్యోగి కార్డు చదువుతుంది. అతని నంబరు కోసం టేపును మొదటి నుంచి వెతుకుతుంది. దొరక్కపోతే చివరిదాకా పోతుంది. ఆపైన టేపు మొత్తం వెనక్కి చుట్టుకుంటుంది. తర్వాతి కార్డు... మళ్లీ మొదటి నుంచి.

సాయంత్రానికి నూట ఎనభై కార్డులు. ఇంకా తొమ్మిది వేల పైచిలుకు ఉన్నాయి.

ఆఫీసర్ గారు రెండుసార్లు వచ్చి వెనక నిలబడ్డారు. గడియారం చూసుకుని వెళ్లిపోయారు.

ఏప్రిల్ 16

బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సైకిలు మీదే. రోడ్డు మీద టైర్లు కాల్చిన నల్లటి మచ్చలు, వాటి చుట్టూ తీగలు. చాదర్‌ఘాట్ వంతెన దగ్గర పోలీసు దింపాడు, నడిపించుకుంటూ పొమ్మన్నాడు.

రెండు వందల పది కార్డులు.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఆరేసి కార్డులు ఒకేసారి మిషన్‌లో పెట్టుకుని టేపును ఒక్కసారి చుట్టేలా మార్చాను. అంతకుమించి లోపల చోటు లేదు. రెండు నెలల పని పది రోజులకు దిగింది.

ఆఫీసర్ గారికి చెప్పాను, సంతోషంగానే.

“పది రోజులా? రోజూ తహసీళ్ల నుంచి కొత్త సర్టిఫికెట్లు ఒస్తనే ఉన్నయి. పది రోజుల తర్వాత మళ్ల మొదటి కెళ్లి చేస్తవా?”

నిజమే.

“సోమవారం కాదు, ఆ పై సోమవారం. సాయంత్రానికల్ల జాబితా నా టేబుల్ మీద ఉండాలె. నాకు గుడ పైన ఒకడున్నడు ప్రకాశం.”

ఏప్రిల్ 19

మూర్తి గారు కార్డులకు చిల్లులు కొట్టే పంచింగ్ గదిలోంచి టీ పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నారు. ఈ మిషన్ ముందు నన్ను మొదట కూర్చోబెట్టింది ఆయనే. కార్డు పట్టుకోవడం కూడా ఆయనే నేర్పారు... అంచులు ముట్టుకో, మధ్యలో ముట్టుకోకు. గుంటూరు వైపు మనిషి. సైదాబాదులో పన్నెండేళ్లుగా ఉంటున్నారు. ముల్కీకి పదిహేనేళ్లు కావాలి.

“టేపు ఎందుకయ్యా అన్నిసార్లు తిప్పుతావు? ఇంకో దారి ఉండాలి. ఆలోచించు.”

తనను పంపించే పనిని తొందరగా అయ్యేలా చేయమని ఆయనే చెబుతున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. టీ చల్లారింది.

ఏప్రిల్ 20, ఆదివారం

హయత్‌నగర్ చర్చి సంఘానికి వెళ్లాం, నా భార్య సుగుణా నేనూ. ఆరాధన అయ్యాక లాజరన్న నన్ను గోడవారకు తీసుకుపోయాడు. అక్కడి మా ఆఫీసు గోదాములో అటెండరు. మా నాయన ఊళ్లో ప్రార్థన నడిపే రోజుల్లో డోలు వాయించినవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద.

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. తహసీల్దారు ముద్ర. దాని కింద ఇంకో కాగితం, మరకలు పడకుండా.

“గిది అసలుది తమ్మీ. నకలు ఆఫీసుల ఇచ్చిన. మిషన్ల నా పేరు ఎక్కిందా?”

“ఎక్కుతది అన్నా.”

“మా తాత గుడ గీడనే పుట్టిండు. అయినా కాగితం కావాలెనంట.” నవ్వాడు. “సరే, కాగితం ఉంటే మంచిదే గద.”

ఏప్రిల్ 22

దొరికింది!

సుగుణ స్కూలు మూతపడి నెల దాటింది. అయినా పరీక్షకు పేర్లిచ్చిన పిల్లల జాబితాను హాజరు పట్టీతో సరిచూసి పంపమన్నారట. నేలమీద రెండూ పక్కపక్కన పరుచుకుని కూర్చుంది. ఎడమచేతి వేలు ఒక దాని మీద, కుడిచేతి వేలు ఇంకోదాని మీద. రెండూ అక్షరాల వరుసలోనే ఉన్నాయి. ఏ వేలు వెనకబడితే ఆ వేలు ఒక పేరు కిందికి దిగుతుంది. రెండు వేళ్లూ ఒకే పేరు మీద నిలబడితే పిల్ల ఉన్నట్టు. ఒకటి దాటిపోతే లేనట్టు. వెనక్కి ఒక్కసారి కూడా రాలేదు.

“మళ్లొకసారి చెయ్యి,” అన్నాను.

“ఎందుకు? తప్పు పోయిందా?”

“లేదు. చూడాలె.”

రెండు జాబితాలనూ ముందే నంబర్ల వరుసలో పేర్చుకుంటే చాలు. ప్రతి కార్డూ ఒక్కసారి, టేపు కూడా ఒక్కసారి. అంతే.

ఏప్రిల్ 24

రాశాను. రెండు వందల కార్డులతో పరీక్షించాను. టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. లెక్క సరిపోయింది. పంచింగ్ గది అమ్మాయిలు కూడా వచ్చి చూశారు.

మూర్తి గారు మాత్రం కళ్లజోడు పైకి తోసుకుని ప్రోగ్రాం మొత్తం చదివారు, వేలు పెట్టి. “బాగుంది. కానీ ఇది వరుసను నమ్ముకుని నడుస్తుందయ్యా. పాతది నత్తలా నడిచినా, కార్డు ఎక్కడున్నా వెతికి పట్టుకునేది. దీనికి ఒక్క కార్డు చోటు తప్పితే చాలు. ఓ తనిఖీ పెట్టు. ముందు నంబరు కంటే వెనక నంబరు చిన్నదైతే మిషన్ ఆగిపోవాలి.”

పెట్టాను. మూడు కార్డులు పట్టింది. ప్రోగ్రాం అంటే కార్డుల కట్టే కదా, ఆ కట్ట మధ్యలో మూడు ఎక్కువయ్యాయి. గుర్తుకోసం మూడింటి పైఅంచుకూ ఎర్ర పెన్సిలు గీశాను.

ఏప్రిల్ 27, ఆదివారం

సంఘానికి వెళ్లలేదు. ట్రేలు సర్దడానికి ఆఫీసుకు. సర్టిఫికెట్లు కూడా ముందు కార్డులకే ఎక్కుతాయి, అక్కడి నుంచి టేపు మీదికి. చివర్లో వచ్చిన సర్టిఫికెట్ల కట్టలు గోనెసంచుల్లో ఉన్నాయి. అమ్మాయిలు వేళ్లు నొప్పెడుతున్నాయంటూనే పంచ్ చేస్తున్నారు.

ఏప్రిల్ 28, సోమవారం

రాయాలి. జరిగింది జరిగినట్టు.

ఎనిమిదింటికి మొదలు పెట్టాం. పావుగంటకే మిషన్ ఆగింది. వరుస తప్పింది. ట్రే తెరిచి, చోటు తప్పిన కార్డును పట్టుకుని, దాని చోట పెట్టి, టేపు మళ్లీ రాయించి... ముప్పావుగంట. మళ్లీ ఆగింది. నిన్నటి గోనెసంచుల కట్టలు. తొందరలో చేర్చినవి. రెండింటిదాకా ఏడుసార్లు ఆగింది.

ఆఫీసర్ గారు మిషన్ గదికే ఫోను తెప్పించుకున్నారు. అది మోగుతూనే ఉంది. “అయితున్నది సార్... అయితున్నది.” చొక్కా వీపంతా తడిసిపోయింది ఆయనకు.

మూడింటికి ఎనిమిదోసారి ఆగింది.

“గిదెందుకు ఆగుతున్నది మాటిమాటికి?”

“వరుస చూసుకుంటున్నది సార్.”

“చూసుకోకుంటే?”

“నడుస్తది.”

“మరి?”

మూర్తి గారు గదిలో లేరు. భోజనానికి వెళ్లి, ఊరేగింపు అడ్డం వచ్చి ఆగిపోయారు. ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. కట్ట చేతిలోకి తీసుకున్నాను. ఎర్ర గీతలున్న మూడు కార్డులు లాగేశాను. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మహా అయితే ఒక పేరు తప్పుతుంది, తర్వాత సరిచేయొచ్చు అనుకున్నాను. అనుకున్నానా? ఇప్పుడు రాస్తుంటే అలా అనుకున్నట్టుంది. అప్పుడు ఏమీ అనుకోలేదు. ఫోను ఆగాలి, అంతే.

నలభై నిమిషాల్లో అయిపోయింది. తొమ్మిది వేల పైచిలుకు మనుషులు... నలభై నిమిషాలు.

ఏప్రిల్ 29

ఆఫీసర్ గారు అందరి ముందూ నా భుజం తట్టారు. “రెండు నెలల పని నలభై నిమిషాలల్ల చేసిండు మన పోరడు.” చప్పట్లు. మూర్తి గారు కూడా కొట్టారు. తనిఖీ తీసేసిన సంగతి ఆయనకు చెప్పలేదు.

సుగుణకు చప్పట్ల సంగతి చెప్పాను. అది మాత్రమే.

మే 2, శుక్రవారం

జాబితా గేటుకు అంటించారు. అభ్యంతరాలుంటే పదహారో తారీఖు ఐదు గంటల లోపు స్వయంగా వచ్చి కాగితాలు చూపాలి.

మూర్తి గారు తన పేరును వేలితో వెతుక్కున్నారు. దొరికాక ఆ వేలు అక్కడే కాసేపు ఉంచారు. “నాది సరిగ్గానే వచ్చింది లేవయ్యా,” అన్నారు.

ఇంకా కిందికి చదువుతూ పోయాను.

లాజరు. అటెండరు. హయత్‌నగర్ గోదాము.

మే 3

లాజరన్న పొద్దున్నే గేటు దగ్గర ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు. కాగితం మడత విప్పి, నా చేతికి ఇవ్వలేదు. ఎదురుగా పట్టుకున్నాడు.

“చదువు తమ్మీ. నాకు చదువు రాదు, నువ్వు చదువు. గిండ్ల నా పేరు లేదా?”

ఉంది.

“మరి గా గేటు మీదికి ఎట్ల పోయింది?”

“చూస్త అన్నా. పొరపాటు అయ్యుంటది.”

“గోదాముల పనికి రావద్దన్నరు. బజార్ల పోరగాళ్లు బోగస్ సర్టిఫికెట్ అంటున్నరు. నన్ను... హయత్‌నగర్ల, నన్ను!”

అరవలేదు. అరిచినా బాగుండు.

మే 5, సోమవారం

జాబితా నకలు ముందు పెట్టుకుని మూర్తి గారు నన్ను పిలిచారు. పెన్సిలుతో ఒకచోట గీత గీసి ఉంచారు.

“ఇది చూడు. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా నంబర్లు వరుసగా ఉన్నాయి, ఒక్కటి కూడా వదలకుండా. అరవై ఒక్క మంది. అందరూ గోదాములవాళ్లే. అరవై ఒక్క మందిలో ఒక్కడూ సర్టిఫికెట్ తెచ్చుకోలేదంటావా?”

నేను జేబు తడుముకున్నాను.

“తనిఖీ తీసేశావా ప్రకాశం?”

జేబులోంచి మూడు కార్డులూ తీసి టేబుల్ మీద పెట్టాను. వారం రోజులుగా ఏ చొక్కా వేసుకుంటే ఆ చొక్కా జేబులోకి మారుస్తున్నాను. ఎందుకో తెలియదు.

ఆయన వాటిని చూశారు. తిట్టలేదు. ట్రే తెప్పించి, సాయంత్రం దాకా ఇద్దరం ఒక్కో కార్డే చూశాం. దొరికింది. పెద్ద నంబరు కార్డు ఒకటి తన చోటు కంటే చాలా ముందు వచ్చి కూర్చుంది. ప్రోగ్రాం దాన్ని చూసింది. జాబితా అంత దూరం వచ్చేసిందనుకుంది. అంతకంటే చిన్న నంబర్లున్న అరవై ఒక్క మందికీ సర్టిఫికెట్ లేదని తేల్చేసింది. వాళ్ల కార్డులన్నీ దాని వెనకే ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. లాజరన్నది కూడా చేతిలోకి తీసుకుని చూశాను.

మే 6

ఆఫీసర్ గారికి చెప్పాను. కార్డులు లాగేసిన సంగతితో సహా.

తలుపు వేశారు.

“జాబితా పైకి పోయింది. పేపర్లోళ్లకు పోయింది. గిప్పుడు తప్పు అంటే మొత్తం తప్పంటరు. అసలైన బోగస్‌గాళ్లు గుడ మేం గా అరవైల ఉన్నం అంటరు.”

“సరిచేసిన జాబితా రెండు రోజుల్ల ఇస్త సార్.”

“ఇయ్యి. సమయం చూసి సంతకం పెడ్త. కార్డుల ముచ్చట ఎవ్వరికీ చెప్పకు. మిషన్ తప్పు చేసింది. అర్థమైందా? మిషన్.”

తలుపు తీసి నన్ను పంపించారు. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలు.

మే 8

మూడు కార్డులూ వాటి చోట పెట్టి మళ్లీ నడిపాను. ఒక్కసారే ఆగింది, ఆ పెద్ద నంబరు కార్డు దగ్గర. దాన్ని దాని చోట పెట్టాను. సరైన జాబితాను మధ్యాహ్నం ఆఫీసర్ గారి టేబుల్ మీద పెట్టాను.

మే 10

సంతకం కాలేదు.

మే 11, ఆదివారం

హయత్‌నగర్ వెళ్లడానికి కాళ్లు రాలేదు. తలనొప్పి అన్నాను. సుగుణ ఒక్కతే వెళ్లి వచ్చింది.

“లాజరన్న వెనక వరుసల కూసున్నడు. పక్కన ఎవ్వలూ కూసోలేదు,” అంది. ఆపైన లాజరన్న భార్య మాట ఎత్తింది, “మరియమ్మ వదినె మిమ్మల్ని అడిగింది. మీరు చూస్తున్నరని చెప్పిన. చూస్తున్నరా?”

అప్పుడు చెప్పాను. అంతా. కంచంలో చేయి అలాగే పెట్టుకుని వింది.

“అయితే పోయి చెప్పుండ్రి ఆయనకు.”

“సంతకం కాంగనే చెప్త.”

మే 13, మంగళవారం

మూర్తి గారు వెళ్లిపోయారు. సైదాబాదు ఇంటి ముందు లారీ. మంచాలు, కుట్టుమిషన్, తులసి కుండీ. వీధివాళ్లు కిటికీల్లోంచి చూశారు. ఎదురింటి ముసలాయన ఒక్కడే వచ్చి ఒక చేయి వేశాడు. “ఎందుకు పోతున్నరు సారు, గీ గడబిడ నాల్గు రోజులల్ల సల్లబడ్తది,” అన్నాడు. మూర్తి గారు తలూపారు.

ఆయన పెద్దమ్మాయి ఇక్కడే పుట్టింది. నా మాటలాగే మాట్లాడుతుంది.

లారీ ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచారు. “నా పేరు గురించి నువ్వు బాధపడకు. అది నీ ప్రోగ్రాం తప్పు కాదు. ఆ అరవై ఒక్క మంది సంగతి చూడు. కాగితం మీద సంతకం కోసం ఆగకు. తప్పు జరిగిందని ఒక్కొక్కరికీ చెప్పు.”

“చెప్తా.”

“ఎప్పుడు?”

డ్రైవరు హారన్ కొట్టాడు.

మే 14

సంతకం కాలేదు. రెండుసార్లు అడిగాను. రెండోసారి చెయ్యెత్తి ఆపేశారు.

మే 15

రేపు బంద్. బస్సులుండవు. అభ్యంతరాలకు రేపే ఆఖరు. గడువు పెంచుతారని ఆఫీసులో అనుకుంటున్నారు. నేనూ అదే అనుకున్నాను.

మే 16, శుక్రవారం

పొద్దున ఎనిమిదికే వేడిగాలి. వెనక ద్రాక్షతోట ఆకులు కూడా వాడిపోయాయి. రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఇంట్లోనే ఉన్నాను.

పదిన్నరకు గుమ్మం దగ్గర గొంతు.

“తమ్మీ ఉన్నడా బిడ్డా?”

లాజరన్న. హయత్‌నగర్ నుంచి నడిచి వచ్చాడు. ఎల్.బి.నగర్ మీదుగా. తలకు తువ్వాల, కాళ్లు మోకాళ్ల దాకా దుమ్ము. తలుపు సందులోంచి కనబడ్డాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. సుగుణ నా వైపు చూసింది. నేను చేయి ఊపాను... లేనని చెప్పమని.

ఆమె కొంగు సర్దుకుని గుమ్మంలోకి వెళ్లింది.

“లేరన్నా,” అంది. “పొద్దుగాలనే పోయిండ్రు.”

“ఆఫీసుకేనా?” గొంతు ఒక్కసారి తేటపడింది. “గంత బంద్ల గుడ పోయిండా! మంచిది బిడ్డా. తమ్మి ఆఫీసుల ఉన్నడంటే నా పని అయినట్టే.”

సుగుణ మజ్జిగ ఇచ్చింది. రెండు గ్లాసులు తాగాడు. ఎండ తగ్గేదాకా కూర్చోమంది. ఐదింటికి గడువన్నాడు, మెల్లగ పోత అన్నాడు. తువ్వాల తడిపి ఇమ్మని అడిగాడు, తల మీద వేసుకున్నాడు.

చెప్పుల చప్పుడు గేటుదాకా... ఆ తర్వాత లేదు.

నేను బయటికి రావచ్చు. సైకిలుంది. రెండు నిమిషాల్లో అందుకోవచ్చు. ఏమని అందుకోను? ఇంట్లోనే ఉన్నానని చెప్పాలి కదా ముందు.

సుగుణ గ్లాసు కడిగి బోర్లించింది.

మే 17

లాజరన్న పోయాడు.

చాదర్‌ఘాట్ వంతెన దగ్గర పోలీసులు ఆపారట. కాగితం చూపించాడట, బతిమాలాడట. ఎవరినీ దాటనివ్వలేదు. అక్కడే ఎండలో గంటన్నర నిలబడి వెనక్కి తిరిగాడు. మలక్‌పేటలో ఒక గోడ పక్కన కూర్చుని ఒరిగిపోయాడు. ఎవరో రిక్షాలో వేసి దవాఖానకు తీసుకుపోయారు. నాలుగింటికల్లా అయిపోయింది. వడదెబ్బ అని రాశారు.

ఈ మాటలన్నీ తెచ్చినవాళ్ల దగ్గర విని దవాఖానలో కాంపౌండరు నాకు చెప్పాడు. జేబులో కాగితం ఉందని, దాన్ని బట్టే పేరు తెలిసిందని.

మే 18, ఆదివారం

భూస్థాపన. హయత్‌నగర్ సమాధుల తోట. వచ్చినవాళ్లు తక్కువ. మోయడానికి నలుగురు సరిపోక నేనూ పట్టాను.

మరియమ్మ వదినె నా చేతులు రెండూ పట్టుకుంది. “నువ్వు గా బంద్ల గుడ ఆయన కోసం ఆఫీసుకు పోయినవంట గద తమ్మీ. ఆయన ఆగకపాయె.”

ఇది ఎవరు చెప్పారు? సుగుణ చెప్పలేదు. లాజరన్నే దారిలో ఎవరితోనో అని ఉంటాడు.

సుగుణ నా పక్కనే నిలబడి ఉంది. ఇద్దరం నేల చూశాం.

మే 19

ఆఫీసుకు వెళ్లి ఆఫీసర్ గారి ముందు నిలబడ్డాను.

“లాజరు చనిపోయిండు సార్.”

“ఎవరు?”

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. చాలాసేపు తుడుచుకున్నారు, కళ్లో, కళ్లజోడో. తర్వాత సొరుగు తెరిచారు. సరైన జాబితా అందులోనే ఉంది, నేను ఎనిమిదో తారీఖున ఇచ్చినట్టే. సంతకం పెట్టారు.

మే 21

కొత్త జాబితా గేటుకు అంటించారు. పాతదాని మీదే. అరవై ఒక్క పేర్లు లేవు. సవరణ అని పైన ఒక్క ముక్క. ఎందుకో ఎవరూ అడగలేదు. అరవై మంది పనిలోకి వచ్చారు.

మే 22

తిండి సయించడం లేదు. సుగుణ వండుతుంది, పెడుతుంది, తీసేస్తుంది.

మే 23, శుక్రవారం

ఆఫీసర్ గారు పిలిచారు. ఇంకో రెండు ఆఫీసుల వాళ్లకు నా ప్రోగ్రాం కావాలట. వాళ్ల జాబితాలు చాలా పెద్దవట. నన్ను నెల రోజులు అక్కడికి పంపుతారట. పై గ్రేడు మాట కూడా అన్నారు, నా మొహం చూడకుండా.

“ఇస్తా సార్. తనిఖీ తీయడానికి వీల్లేకుండా రాసి ఇస్తా.”

“అట్లనే రాయి.”

“లాజరు ఫైల్ల ఏమని రాసిండ్రు?”

“మిషన్ పొరపాటు.” కాగితాలు సర్దుకుంటూ అన్నారు, “కొలువు మీద ఉండంగ పోయినట్టు రాయించిన. గంతే నా చేతుల ఉన్నది.”

మే 24, శనివారం

మధ్యాహ్నం సంఘం అయ్యగారు వచ్చారు, మరియమ్మ వదినెను వెంటబెట్టుకుని. సుగుణ చాప వేసింది. వదినె గోడకు ఆనుకుని కూర్చుంది. వారంలో సగమైపోయింది మనిషి.

అయ్యగారే మొదలుపెట్టారు. “ఊర్లె ఇంకా బోగస్ అంటనే ఉన్నరు ప్రకాశం. పేరు తీసేసిండ్రంటే, సచ్చినంక జాలిపడి తీసిండ్రు అంటున్నరు. సంఘంల గుడ ఇద్దరు ముగ్గురు అట్లనే అనుకుంటున్నరు. రేపు ఆరాధన అయినంక నువ్వు లేచి, అసలేం జరిగిందో చెప్పాలె. మిషన్ పని చేసేటోడివి. నీ మాట నమ్ముతరు.”

“మిషన్ తప్పు అని ఒక్క మాట,” అంది వదినె. “గంతే తమ్మీ. ఆయన కాగితం నిజమైందని చెప్పు. ఇంకేం అడగ.”

మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. వస్తానని చెప్పాను. ఏం చెబుతానో చెప్పలేదు.

వాళ్లు గేటు దాటాక సుగుణ చాప చుట్టి మూలకు పెట్టింది. నా ముందుకు వచ్చి నిలబడింది.

“చెప్తే మొత్తం చెప్పుండ్రి. కార్డుల సంగతి, ఆఫీసర్ సంగతి... ఆనాడు మీరు ఇంట్ల ఉన్న సంగతి గుడ. లేరన్నది నేను. నేను గుడ లేస్త.”

“వదినె ఏమైతదో ఆలోచించినవా? మనం ఇంట్ల ఉండి దాచినమని తెలిస్తే ఆమె తట్టుకుంటదా?”

“గది ఆమె కోసమా, మన కోసమా?”

పెన్ను వెతుక్కున్నాను.

ఐదున్నర అయింది. కాగితం తీసుకుని రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిదాంట్లో “మిషన్” అని ఉంది. రెండోదాంట్లో “నేను” అని రాసి ఆగిపోయాను.

రేపు పది గంటలకు ఆరాధన. హయత్‌నగర్ బస్సులు తిరుగుతున్నాయో లేదో కనుక్కుని రమ్మంది సుగుణ. చెప్పులు వేసుకున్నాను. గడప దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను, రెండు కాగితాలూ జేబులోనే ఉన్నాయి.